గోలో థ్రెడ్ సేఫ్టీ: లాక్ కాపాడేది వేరియబుల్‌ని కాదు

గో భాషలో రాసిన ఒక చిన్న వెబ్ సర్వర్‌ని ఊహించుకుందాం. రిక్వెస్ట్ వచ్చిన ప్రతిసారీ ఆ యూజర్ పేరు మీద ఒక మ్యాప్‌లో (కీకి విలువని జోడించి పెట్టే పట్టికలో) లెక్క ఒకటి పెంచుతుంది. అంతకుమించి అందులో ఏమీ లేదు. కోడ్ అంతా గాలించినా గోరూటీన్‌ని, అంటే గో నడిపే తేలికపాటి థ్రెడ్‌ని, మొదలుపెట్టే ‘గో’ కీవర్డ్ ఒక్కచోట కూడా కనిపించదు. టెస్టులన్నీ పాసవుతాయి. తీరా జనం తాకిడి పెరిగాక ‘ఫేటల్ ఎర్రర్: కంకరెంట్ మ్యాప్ రైట్స్’ అంటూ ప్రోగ్రాం ఉన్నపళంగా ఆగిపోతుంది. పానిక్ అనే ఎర్రర్‌ని పట్టుకుని ప్రోగ్రాంని నిలబెట్టే రికవర్ పెట్టుకున్నా లాభం ఉండదు. అది పానిక్ కాదు, రన్‌టైమే ప్రోగ్రాంని నిలిపేసింది.

ఇక్కడ జరిగింది ఇది. గో స్టాండర్డ్ లైబ్రరీలోని హెచ్‌టీటీపీ సర్వర్ వచ్చిన ప్రతి కనెక్షన్‌కీ ఒక కొత్త గోరూటీన్‌ని కేటాయిస్తుంది. కాబట్టి హ్యాండ్లర్ రాసినవాళ్లు కోరుకున్నా కోరుకోకపోయినా వాళ్ల ఫంక్షన్ ఒకేసారి పదిచోట్ల నడుస్తూ ఉంటుంది. మ్యాప్ లోపలి నిర్మాణాన్ని ఒక గోరూటీన్ సర్దుతుండగా మరొకటి వచ్చి అదే మ్యాప్‌లో రాయబోతే, గో 1.6 నుంచి రన్‌టైమ్ వీలైనంతవరకు పసిగట్టి ప్రోగ్రాంని ఆపేస్తుంది. నిజానికి ఇలా కుప్పకూలడం మేలే. కనీసం తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. కంకరెన్సీ తప్పుల్లో ఎక్కువ భాగం ఇంత నిజాయతీగా బయటపడవు. లెక్క కాస్త తేడా వస్తుంది, ఒక ఆర్డర్ రెండుసార్లు నమోదవుతుంది, మెమరీ వాడకం రోజురోజుకీ మెల్లగా పెరుగుతూ పోతుంది. లాగ్‌లో మాత్రం ఏమీ ఉండదు.

మ్యాప్‌ని పక్కనపెట్టి అంతకంటే చిన్న విషయం చూద్దాం: ఒక పూర్ణాంకాన్ని ఒకటి పెంచడం. కోడ్‌లో అది ఒకే లైను. ప్రాసెసర్‌కి చేరేసరికి మూడు పనులు: మెమరీలోంచి విలువ చదవాలి, ఒకటి కలపాలి, తిరిగి మెమరీలో రాయాలి. కౌంటర్ విలువ 41 అనుకుందాం. మొదటి గోరూటీన్ 41 చదివింది. అది రాసేలోపు రెండో గోరూటీన్ కూడా 41 చదివింది. మొదటిది 42 రాసింది. రెండోదీ 42 రాసింది. రెండుసార్లు పెంచితే రావలసిన 43 రాలేదు. ఒక పెంపు జాడ లేకుండా పోయింది. రెండు గోరూటీన్లు ఒకే మెమరీ స్థానాన్ని సింక్రనైజేషన్ లేకుండా ఒకేసారి అందుకోవడం, అందులో ఒక్కటైనా రాయడానికి పూనుకోవడం: దీన్నే డేటా రేస్ అంటారు.

‘ఒకే కోర్ ఉంటే ఈ బాధ ఉండదు కదా’ అనే ఆలోచన ఇప్పటికీ వినిపిస్తుంది. 2015 ఆగస్టులో వచ్చిన గో 1.5 కి ముందు గో ప్రోగ్రాములు ప్రత్యేకంగా చెబితే తప్ప ఒక్క కోర్ మీదే గో కోడ్‌ని నడిపేవి. ఆ వెర్షన్‌ నుంచి యంత్రంలో ఎన్ని కోర్లుంటే అన్నీ వాడటం మామూలైంది. అప్పటిదాకా సవ్యంగా నడిచినట్టు కనిపించిన కోడ్‌లో దాగి ఉన్న రేసులు బయటికి రావడానికి వీలు చిక్కింది. అసలు ఒక కోర్ ఉన్నా కూడా షెడ్యూలర్ ఒక గోరూటీన్‌ని మధ్యలో ఆపి మరోదాన్ని నడపగలదు. 2020 లో వచ్చిన గో 1.14 తర్వాత ఫంక్షన్ కాల్ ఏదీ లేని బిగుతైన లూప్‌ని సైతం దాదాపు ఎక్కడైనా ఆపగలుగుతోంది. ఆపే చోటు చదవడానికీ రాయడానికీ మధ్య పడితే మళ్లీ అదే 42.

లెక్క తప్పడం ఇందులో సగం కథే. ఒక గోరూటీన్ రాసిన విలువ మరో గోరూటీన్‌కి ఎప్పుడు కనిపిస్తుంది, అసలు కనిపిస్తుందా అన్నది మిగతా సగం. చాలామంది రాసే కోడ్ ఇలా ఉంటుంది: ఒక గోరూటీన్ కాన్ఫిగరేషన్‌ని సిద్ధం చేసి, ‘రెడీ’ అనే బూలియన్‌ని ట్రూ చేస్తుంది. మరో గోరూటీన్ ‘రెడీ’ ట్రూ అయ్యేదాకా లూప్‌లో తిరిగి, తర్వాత కాన్ఫిగరేషన్‌ని వాడుకుంటుంది. పైనుంచి కిందికి చదివితే తప్పేమీ కనిపించదు. కానీ గో మెమరీ మోడల్ ప్రకారం ఇక్కడ ఎలాంటి హామీ లేదు. లూప్ లోపల ‘రెడీ’ని ఎవరూ మార్చడం లేదు కాబట్టి కంపైలర్ దాన్ని ఒక్కసారే చదివి ఊరుకోవచ్చు, అప్పుడు ఆ లూప్ ఎప్పటికీ ఆగదు. ఒకవేళ ఆగినా, ‘రెడీ’ ట్రూ అయినట్టు కనిపించి కాన్ఫిగరేషన్ ఇంకా ఖాళీగా ఉన్నట్టు కనిపించవచ్చు. కంపైలరూ ప్రాసెసరూ ఒకే గోరూటీన్ దృష్టిలో ఫలితం మారనంతవరకు చదవడాలూ రాయడాలూ ముందువెనకలు చేసుకునే స్వేచ్ఛ తీసుకుంటాయి. వేగంలో పెద్ద భాగం ఆ స్వేచ్ఛలోంచే వస్తుంది.

ఆ స్వేచ్ఛకి హద్దు గీసేదే సింక్రనైజేషన్. మ్యూటెక్స్ అంటే ఒకసారికి ఒక్క గోరూటీన్ మాత్రమే పట్టుకోగల లాక్. దాన్ని అన్‌లాక్ చేయకముందు రాసినవన్నీ, ఆ తర్వాత అదే మ్యూటెక్స్‌ని లాక్ చేసినవాళ్లకి కనిపించి తీరాలి. ఛానల్ అంటే గోరూటీన్లు ఒకదానికొకటి విలువలు పంపుకునే గొట్టం. అందులోకి పంపకముందు రాసినవన్నీ, ఆ విలువని అందుకున్న గోరూటీన్‌కి కనిపించి తీరాలి. ‘ముందు జరిగింది’ అనే ఈ సంబంధం ఎక్కడ ఉందో అక్కడే రెండు గోరూటీన్ల మధ్య ఒక నమ్మకమైన వరుస ఉంటుంది. లేనిచోట ‘ఇది ముందు, అది తర్వాత’ అనుకోవడం మన ఊహ మాత్రమే. మధ్యలో కాసేపు స్లీప్ పెడితే సరిపోతుందనుకోవడం ఇలాంటి ఊహే. స్లీప్ సమయాన్ని గడుపుతుంది, వరుసని ఏర్పరచదు.

రేస్ ఉన్నా ‘పాత విలువ కనిపిస్తుంది, అంతేగా’ అని తేలిగ్గా తీసుకునే అలవాటు గోలో మరీ ప్రమాదకరం. 2022 లో గో 1.19 తో పాటు మెమరీ మోడల్‌ని సవరించినప్పుడు ఈ సంగతి విడమరిచి రాశారు. సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో ఒక్క రేస్ ఉన్నా మొత్తం ప్రోగ్రాం ప్రవర్తనకే పూచీ లేదు. గో అంత దూరం పోదు. మెషీన్ వర్డ్‌కి, అంటే ప్రాసెసర్ ఒక్కసారిలో అందుకునే పరిమాణానికి, మించని విలువని చదివితే, నిజంగా ఎవరో ఒకరు రాసిన విలువే వస్తుంది. కానీ ఇంటర్‌ఫేస్ విలువకి రెండు వర్డ్‌లు ఉంటాయి: ఒకటి టైప్ సమాచారం, రెండోది డేటా. స్లైస్‌కి మూడు: పాయింటర్, పొడవు, కెపాసిటీ. రేస్‌లో చిక్కితే ఒకరు రాసిన టైప్, మరొకరు రాసిన డేటా కలిసి ఒకే ఇంటర్‌ఫేస్‌గా కనిపించవచ్చు. ఒక స్లైస్ పాయింటర్‌కి మరో స్లైస్ పొడవు అతుక్కోవచ్చు. అప్పుడు తనది కాని మెమరీని ప్రోగ్రాం తడుముతుంది. మెమరీ భద్రత ఉన్న భాష అని పేరున్న గోలో ఆ భద్రత చేజారే దారుల్లో ఇది ముఖ్యమైనది. అందుకే ‘హాని లేని రేస్’ అన్న మాట గో కోడ్ సమీక్షలో చెల్లకూడదు.

ఇక మ్యూటెక్స్ సంగతి. సింక్ ప్యాకేజీలోని మ్యూటెక్స్ చూడటానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. దానికి రెండే ముఖ్యమైన మెథడ్లు, లాక్, అన్‌లాక్. ప్రత్యేకంగా తయారుచేయనక్కర్లేదు, స్ట్రక్ట్‌లో (కొన్ని ఫీల్డుల్ని కలిపి ఉంచే టైప్‌లో) ఫీల్డ్‌గా పెట్టుకుంటే సున్నా విలువతోనే పనిచేస్తుంది. ఈ సాదాతనం వెనక కొన్ని కచ్చితమైన నిర్ణయాలున్నాయి. లాక్ పట్టుకున్న గోరూటీన్ మళ్లీ అదే లాక్ అడిగితే అక్కడికక్కడే ఇరుక్కుపోతుంది. జావాలో సింక్రనైజ్డ్ మెథడ్‌లోంచి మరో సింక్రనైజ్డ్ మెథడ్‌ని పిలవడానికి అలవాటుపడ్డవాళ్లకి ఇది లోపంలా అనిపిస్తుంది. గో బృందం కావాలనే ఇలా ఉంచింది, దాని వెనకున్న వాదన ఈ వ్యాసానికి కేంద్రం.

డేటాలో కొన్ని నియమాలు ఎప్పుడూ నిలబడాలి. ఒక క్యూలో ‘ఎన్ని ఉన్నాయి’ అనే ఫీల్డ్, నిజంగా జాబితాలో ఉన్న అంశాల సంఖ్య సమానంగా ఉండాలి. కొత్త అంశాన్ని చేర్చేటప్పుడు ఒక క్షణం ఆ సమానత్వం చెదురుతుంది: జాబితాలో చేరింది, సంఖ్య ఇంకా పెరగలేదు. ఆ చెదిరిన స్థితిని ఎవరూ చూడకుండా అడ్డుకోవడమే లాక్ పని. లాక్ చేతికొచ్చిందంటే నియమం నిలబడి ఉందన్నమాట. లాక్ వదిలేలోపు దాన్ని మళ్లీ నిలబెట్టి వదలాలి. ఇప్పుడు అదే గోరూటీన్‌కి రెండోసారి కూడా లాక్ ఇచ్చేస్తే, నియమం చెదిరి ఉన్న మధ్య దశలో మరో ఫంక్షన్ లోపలికొచ్చి ‘లాక్ నా దగ్గరుంది, అంతా సవ్యంగా ఉంది’ అనుకుంటుంది. లాక్ ఇచ్చే హామీ అక్కడే గాల్లో కలిసిపోతుంది. కాబట్టి మ్యూటెక్స్ కాపాడేది ఒక వేరియబుల్‌ని కాదు, కొన్ని వేరియబుల్స్ మధ్య ఉండాల్సిన సంబంధాన్ని.

ఈ తేడా మాటల్లో చిన్నదే. కోడ్‌లో ఎంత పెద్దదో చూడటానికి సీట్ల బుకింగ్ తీసుకుందాం. ఒక స్ట్రక్ట్‌లో ‘మిగిలిన సీట్లు’ అనే సంఖ్య ఉంది, పక్కనే ఒక మ్యూటెక్స్ ఉంది. రెండు మెథడ్లు: ఒకటి మిగిలిన సీట్లు ఎన్నో చెబుతుంది, రెండోది ఒక సీటు తగ్గిస్తుంది. రాసినవాళ్లు జాగ్రత్తపరులు. రెండు మెథడ్లలోనూ మొదటి లైనులో లాక్ తీసుకున్నారు, ఫంక్షన్ ముగిసేటప్పుడు నడిచే డిఫర్‌తో అన్‌లాక్ చేశారు. బుకింగ్ హ్యాండ్లర్ మిగిలిన సీట్లు అడుగుతుంది, సున్నా కంటే ఎక్కువుంటే తగ్గించమంటుంది, టికెట్ ఇచ్చేస్తుంది.

ఒక్క సీటే మిగిలి ఉండగా ఇద్దరు ఒకేసారి వచ్చారు. మొదటి గోరూటీన్ అడిగింది, 1 అని జవాబొచ్చింది, లాక్ వదిలింది. రెండో గోరూటీన్ అడిగింది, దానికీ 1 అనే వచ్చింది. మొదటిది తగ్గించింది, సున్నా. రెండోది తగ్గించింది, మైనస్ ఒకటి. ఇద్దరికీ టికెట్లు వెళ్లాయి. ఇక్కడ డేటా రేస్ లేదు. ప్రతి చదవడమూ ప్రతి రాయడమూ లాక్ లోపలే జరిగింది. డేటా రేసులని పట్టే గో సాధనం రేస్ డిటెక్టర్‌ని ఎన్నిసార్లు నడిపినా ఒక్క హెచ్చరిక కూడా రాదు. అయినా ప్రోగ్రాం తప్పు. ప్రతి మెథడూ విడివిడిగా సురక్షితమే, రెండూ కలిపిన పని మాత్రం సురక్షితం కాదు. ‘సీట్లు ఉంటేనే టికెట్’ అన్న నియమం రెండు లాకుల మధ్య సందులోంచి జారిపోయింది.

మ్యూటెక్స్ తీసేసి అటామిక్ పూర్ణాంకం (ఒక్కో పనీ మధ్యలో తెగకుండా జరిగేది) పెట్టినా ఇదే జరుగుతుంది: లోడ్ చేసి చూడటం ఒక అటామిక్ పని, తగ్గించడం మరో అటామిక్ పని, మధ్యలో అదే సందు. పోనీ, గో సంప్రదాయం ప్రకారం సీట్ల లెక్కని ఒకే గోరూటీన్‌కి అప్పగించి, మిగతావన్నీ ఛానల్ ద్వారా దాన్ని అడిగేలా చేద్దామన్నా, ‘ఎన్ని ఉన్నాయి’ అని ఒక మెసేజ్, ‘ఒకటి తగ్గించు’ అని మరో మెసేజ్ పంపినంతకాలం ఆ తప్పు అలాగే బతికి ఉంటుంది. పరికరం మార్చితే పోయే తప్పు కాదిది. చూడటం, తగ్గించడం ఒకే విడదీయరాని పనిగా మారాలి. మ్యూటెక్స్ అయితే ‘బుక్ చెయ్యి’ అనే ఒకే మెథడ్, లోపల ఒకే లాక్ కింద పరీక్షా తగ్గింపూ, దొరికిందో లేదో చెప్పే బూలియన్ జవాబు. అటామిక్ అయితే కంపేర్ అండ్ స్వాప్ లూప్, అంటే విలువ మనం చూసినదే అయితేనే మార్చి, కాకపోతే మళ్లీ ప్రయత్నించడం. ఛానల్ అయితే ‘ఉంటే ఒకటి ఇవ్వు’ అనే ఒకే మెసేజ్. ఇక్కడో మాట చెప్పుకోవాలి. సర్వర్ రెండు ప్రతులుగా నడుస్తుంటే ప్రోగ్రాం లోపలి ఏ లాకూ ఈ నియమాన్ని కాపాడలేదు, ఆ బాధ్యత డేటాబేస్ ట్రాన్సాక్షన్‌దే.

కాబట్టి ఒక టైప్ గురించి ‘ఇది థ్రెడ్ సేఫ్’ అని డాక్యుమెంటేషన్‌లో రాసి ఉంటే, దాని మెథడ్లని విడివిడిగా పిలవొచ్చని మాత్రమే అర్థం. వాటిని కలిపి అల్లిన పని సురక్షితమా అన్నది పిలిచేవాళ్లు తేల్చుకోవాలి. సింక్ ప్యాకేజీలోని థ్రెడ్ సేఫ్ మ్యాప్ అయిన సింక్ మ్యాప్‌లో లోడ్, స్టోర్‌లతో పాటు ‘లోడ్ ఆర్ స్టోర్’ అనే మెథడ్‌ని విడిగా ఇవ్వడానికి కారణం ఇదే. లేదో చూసి, లేకపోతే పెట్టడం అనే జంట పనికి మధ్యలో సందు ఉండకూడదు.

లాకుల వాడకంలో మరికొన్ని జారుడు చోట్లున్నాయి. లాక్ తీసుకుని లోపలి మ్యాప్‌ని అలాగే రిటర్న్ చేసే మెథడ్ వాటిలో ఒకటి. మ్యాప్ రిటర్న్ అయ్యేది నకలుగా కాదు, అదే మ్యాప్‌ని చూపే రిఫరెన్స్‌గా. మెథడ్ ముగిసి లాక్ వదిలాక పిలిచినవాళ్లు దాన్ని తీరిగ్గా చదువుతుంటే, ఇంకొకరు లాక్ తీసుకుని మరీ అందులో రాస్తుంటారు. లాక్ ఉన్నా లేనట్టే. కాపీ చేసి ఇవ్వడమో, లాక్ లోపలే కావలసిన పని చేయించడమో తప్ప దారి లేదు. స్లైస్‌కీ ఇదే వర్తిస్తుంది.

మ్యూటెక్స్ ఉన్న స్ట్రక్ట్‌ని కాపీ చేయడం మరొకటి. మెథడ్ రిసీవర్‌ని పాయింటర్‌గా కాకుండా విలువగా రాస్తే, పిలిచిన ప్రతిసారీ స్ట్రక్ట్‌తో పాటు మ్యూటెక్స్ కూడా కాపీ అవుతుంది. ఎవరి కాపీని వాళ్లు లాక్ చేసుకుంటారు, ఎవరూ ఎవరినీ ఆపరు. దీన్ని గో వెట్ అనే కోడ్ తనిఖీ సాధనం పట్టేస్తుంది కాబట్టి దాని హెచ్చరికల్ని పక్కన పడేయకూడదు.

లాక్ పట్టుకుని నెట్‌వర్క్ కాల్ చేయడం తప్పని చెప్పలేం గానీ, అవతలి సర్వర్ నెమ్మదిస్తే ఇవతల ఆ లాక్ కోసం చూసేవాళ్లంతా నిలబడిపోతారు. ఇక రెండు లాకులు అవసరమైనప్పుడు అందరూ ఒకే వరుసలో తీసుకోకపోతే డెడ్‌లాక్ ఎదురవుతుంది. ప్రోగ్రాంలోని గోరూటీన్లన్నీ ఆగిపోతే ‘ఆల్ గోరూటీన్స్ ఆర్ అస్లీప్’ అని రన్‌టైమ్ చెబుతుంది. సర్వర్‌లో అన్నీ ఆగిపోవడం అరుదు. రెండు గోరూటీన్లు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తుండగా మిగతావి మామూలుగా నడుస్తూ ఉంటే, రన్‌టైమ్ ఏమీ అనదు.

చదవడాలు ఎక్కువ, రాయడాలు తక్కువ ఉన్నచోట ఆర్‌డబ్ల్యూ మ్యూటెక్స్ ఆకర్షణీయంగా కనిపిస్తుంది. చదివేవాళ్లు ఎంతమందైనా ఒకేసారి లోపలికి రావచ్చు, రాసేవాళ్లు మాత్రం ఒంటరిగా రావాలి. అయితే లాక్ లోపలి పని మరీ చిన్నదైతే, చదివేవాళ్ల లెక్క చూసుకునే ఖర్చుకే ఆ లాభం హరించుకుపోతుంది. కొలవకుండా దీన్ని ఎంచుకోవడంలో అర్థం లేదు. పైగా ఒక చిక్కు ఉంది. రాసేవాళ్లు వేచి ఉంటే, కొత్తగా చదవడానికి వచ్చేవాళ్లని ఇది ఆపుతుంది. అందువల్ల చదివే లాక్ పట్టుకున్న ఫంక్షన్ మళ్లీ చదివే లాక్ తీసుకునే మరో ఫంక్షన్‌ని పిలిస్తే, సరిగ్గా ఆ మధ్యలో రాసేవాళ్లు వచ్చి నిలబడితే, అంతా బిగుసుకుపోతుంది. ఏళ్లపాటు బాగా నడిచి ఒకరోజు ఆగిపోయే కోడ్ ఇలాంటిదే. మామూలు మ్యూటెక్స్‌లోనూ న్యాయం సంగతి ఒకటుంది. గో 1.9 నుంచి, ఒక మిల్లీసెకను దాటి ఎదురుచూసిన గోరూటీన్ ఉంటే మ్యూటెక్స్ తీరు మార్చుకుని, కొత్తగా వచ్చినవాళ్లకి కాకుండా వరుసలో ముందున్నదానికే నేరుగా లాక్ అప్పగిస్తుంది.

ఇప్పుడు ఛానళ్లు. మెమరీని పంచుకోవడం ద్వారా మాట్లాడుకోకండి, మాట్లాడుకోవడం ద్వారా మెమరీని పంచుకోండి అనేది గో ప్రపంచంలో అందరి నోటా నానిన సూక్తి. కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1978 లో ప్రతిపాదించిన సీఎస్‌పీ (కమ్యూనికేటింగ్ సీక్వెన్షియల్ ప్రాసెసెస్) ఆలోచన దీనికి మూలం. సూక్తిలోని బలమంతా యాజమాన్యం బదిలీలో ఉంది. ఒక విలువని ఛానల్‌లోకి పంపామంటే అది ఇక మనది కాదు, అందుకున్నవాళ్లది. ఒక సమయంలో ఒకే గోరూటీన్ దాన్ని తాకుతుంది కాబట్టి లాక్ అక్కర్లేదు. అయితే ఈ బదిలీ ఒక ఒప్పందం మాత్రమే, గో కంపైలర్ దాన్ని అమలుచేయదు. పాయింటర్‌ని ఛానల్‌లోకి పంపి, తర్వాత కూడా పంపినవాళ్లు ఆ స్ట్రక్ట్‌లో ఫీల్డ్ మారిస్తే కంపైలర్ కిక్కురుమనదు. రస్ట్ భాషలో అయితే సొంతదారు మారిన విలువని పాతవాళ్లు వాడబోతే కంపైలేషన్ దగ్గరే ఆగిపోతుంది. గోలో ఆ క్రమశిక్షణ మనుషులదే.

ఛానల్ వాడితే తప్పులు తగ్గుతాయన్న నమ్మకాన్ని పరిశోధన అంతగా సమర్థించలేదు. డాకర్, కుబెర్నెటిస్, ఎట్‌సీడీ, కాక్రోచ్‌డీబీ, జీఆర్‌పీసీ, బోల్ట్‌డీబీ అనే ఆరు ప్రాజెక్టుల్లోని 171 కంకరెన్సీ బగ్గులను విశ్లేషించి 2019 లో ఒక అధ్యయనం వెలువడింది. గోరూటీన్లు ఇరుక్కుపోయే రకం బగ్గులు వాటిలో 85. వాటిలో సగానికి పైగా, అంటే 49, మెసేజ్‌లు పంపుకోవడంలోని పొరపాట్ల వల్ల వచ్చినవే. ఇరుక్కుపోకుండా తప్పు ఫలితమిచ్చే రకంలో మాత్రం, రక్షణ లేకుండా పంచుకున్న మెమరీదే సింహభాగం. అంటే ఛానళ్లు ఒక రకం తప్పుని తగ్గించి మరో రకానికి చోటిచ్చాయి.

ఆ మరో రకానికి మచ్చుతునక టైమ్ఔట్. ఒక ఫంక్షన్ నెమ్మదైన పనిని గోరూటీన్‌కి అప్పగిస్తుంది. ఆ గోరూటీన్ పని ముగించి, బఫర్ లేని ఛానల్‌లోకి ఫలితం పంపుతుంది. ఫంక్షన్ సెలెక్ట్‌తో రెండింటి కోసం చూస్తుంది: ఫలితం వస్తే తీసుకుంటుంది, రెండు సెకన్లు దాటితే ఎర్రర్‌తో వెనుదిరుగుతుంది. పని మూడు సెకన్లు పట్టిందనుకోండి. ఫంక్షన్ వెళ్లిపోయింది, గోరూటీన్ ఫలితం పట్టుకుని ఛానల్ దగ్గర నిలబడింది. తీసుకునేవాళ్లు ఇక రారు. బఫర్ లేని ఛానల్‌లో తీసుకునేవాళ్లు లేకుండా పంపడం ముగియదు. ఆ గోరూటీన్ ప్రోగ్రాం ఉన్నంతకాలం అలా ఉండిపోతుంది, దాని స్టాక్, అది పట్టుకున్న డేటా సహా. టైమ్ఔట్ అయిన ప్రతిసారీ మరొకటి చేరుతుంది. మొదట్లో చెప్పిన ‘మెల్లగా పెరిగే మెమరీ’కి తరచుగా కనిపించే కారణం ఇదే. ఛానల్‌కి ఒకటి బఫర్ పెడితే చాలు, గోరూటీన్ ఫలితాన్ని అందులో పడేసి తన దారిన పోతుంది. పనినే మధ్యలో ఆపాలంటే గోలో రద్దు సంకేతాన్ని మోసుకెళ్లే కాంటెక్స్ట్ ద్వారా ఆ కబురు లోపలిదాకా చేరవేయాలి.

ఛానల్‌ని మూయడంలోనూ యాజమాన్యమే దారి చూపుతుంది. మూసిన ఛానల్‌లోకి పంపితే పానిక్, మూసినదాన్ని మళ్లీ మూస్తే పానిక్. కాబట్టి పంపేవాళ్లే మూయాలి. పంపేవాళ్లు చాలామంది ఉంటే, అందరి పనీ ముగిసిందని తెలిసిన ఒక్కరే మూయాలి. గోరూటీన్లన్నీ ముగిసేదాకా ఆగడానికి వాడే వెయిట్ గ్రూప్ ఇక్కడే అక్కరకొస్తుంది. దాని లెక్క పెంచే యాడ్‌ని గోరూటీన్ లోపల పిలవడం పాత పొరపాటు. గోరూటీన్ మొదలయ్యేలోపే వెయిట్ సున్నా చూసి వెళ్లిపోవచ్చు. 2025 లో వచ్చిన గో 1.25, వెయిట్ గ్రూప్‌కే ‘గో’ అనే మెథడ్ ఇచ్చి ఈ పొరపాటుకి తావు లేకుండా చేసింది.

ఏది ఎప్పుడు వాడాలన్నదానికి సూక్తుల కంటే డేటాని చూడటం మేలు. డేటా ఒకచోటే ఉండి, చాలామంది వచ్చి కాసేపు చూసి, మార్చి పోతుంటే, క్యాష్‌లాగా, మ్యూటెక్స్ సహజంగా అమరుతుంది. దాన్ని ఛానళ్లతో రాస్తే కోడ్ పెరుగుతుందే తప్ప స్పష్టత పెరగదు. డేటా ఒక దశ నుంచి మరో దశకి ప్రయాణిస్తుంటే ఛానల్ అమరుతుంది. అటామిక్‌లకి చోటు ఇంకా చిన్నది: గణాంకాల కౌంటర్లు, ఒక జెండా, లేదా మార్పులేని కాన్ఫిగరేషన్‌ని చూపే పాయింటర్. ఈ చివరిది నిజంగా అందమైన పద్ధతి. కొత్త కాన్ఫిగరేషన్ మొత్తాన్ని పక్కన తయారుచేసి, అటామిక్ పాయింటర్‌ని ఒక్కసారిగా దానివైపు తిప్పేస్తారు. చదివేవాళ్లు పాతదాన్నో కొత్తదాన్నో పూర్తిగా చూస్తారు, సగం సగం ఎప్పుడూ చూడరు. నియమం ఒకే పాయింటర్‌లో ఇమిడిపోయింది కాబట్టి అటామిక్ సరిపోయింది. రెండు అటామిక్ ఫీల్డుల మధ్య సంబంధం నిలబెట్టాల్సి వస్తే అది మ్యూటెక్స్ పని. సింక్ మ్యాప్‌కీ ప్రత్యేకమైన సందర్భాలే ఉన్నాయి: ఒక్కసారి రాసి ఎన్నోసార్లు చదివే కీలు, లేదా ఒక్కో గోరూటీన్ వేర్వేరు కీలతో పనిచేయడం. మిగతాచోట్ల మామూలు మ్యాప్, పక్కన ఒక మ్యూటెక్స్ చాలు, టైప్ భద్రత కూడా దక్కుతుంది.

బయటి వేరియబుల్స్‌ని వాడుకునే లోపలి ఫంక్షన్లు, అంటే క్లోజర్ల దగ్గర ఒక్క క్షణం ఆగాలి. లూప్ వేరియబుల్‌ని గోరూటీన్లన్నీ పంచుకునే పాత చిక్కుని 2024 లో గో 1.22 తీర్చేసింది. లూప్ ప్రతి చుట్టుకీ కొత్త వేరియబుల్ వస్తుంది. కానీ ఎర్రర్ వేరియబుల్ చిక్కు అలాగే ఉంది. బయట ఫంక్షన్‌లో ప్రకటించిన ఎర్రర్ వేరియబుల్‌కి గోరూటీన్ లోపల కొత్తగా ప్రకటించకుండా విలువ ఇస్తే, బయటి కోడ్ కూడా తన తర్వాతి కాల్ ఫలితాన్ని అదే వేరియబుల్‌లో పెడుతుంటుంది. ‘:=’ కి బదులు ‘=’, ఒక కోలన్ ఉందా లేదా అన్నంత తేడా. సమీక్షలో కంటికి ఆనదు.

అలాంటివి పట్టడానికే రేస్ డిటెక్టర్. థ్రెడ్‌శానిటైజర్ ఆధారంగా తయారై, 2013 లో గో 1.1 తో వచ్చింది. మెమరీని ఎవరు ఎప్పుడు తాకారో, వాళ్ల మధ్య ‘ముందు జరిగింది’ సంబంధం ఉందో లేదో గమనిస్తూ, లేనిచోట రెండు స్టాక్ ట్రేస్‌లనూ పక్కపక్కనే చూపిస్తుంది. అది చూపించిన రేస్ నిజమైనదే అని తీసుకోవాలి. మెమరీ 5 నుంచి 10 రెట్లు, సమయం 2 నుంచి 20 రెట్లు పెరగవచ్చు కాబట్టి దీన్ని ప్రొడక్షన్‌లోని యంత్రాలన్నిటిమీదా పెట్టలేరు. టెస్టుల్లోనూ, వీలైతే నిజమైన ట్రాఫిక్ అందుకునే ఒకటిరెండు యంత్రాల మీదా నడపడం సరైన పద్ధతి. ఎందుకంటే నడిచిన దారిలోని రేసులనే అది చూడగలదు. టెస్ట్ ఒకే గోరూటీన్‌తో మెథడ్‌ని పిలిస్తే డిటెక్టర్‌కి చూడటానికి ఏమీ ఉండదు, పచ్చ గుర్తు మాత్రం వస్తుంది. కంకరెంట్‌గా వాడే ప్రతి టైప్‌కీ, చాలా గోరూటీన్లు ఒకేసారి దాని మెథడ్లని కలగలిపి పిలిచే టెస్ట్ ఒకటైనా ఉండాలి.

ఆ టెస్ట్ చివర్లో నియమాన్ని కూడా పరీక్షించాలి. సీట్ల ఉదాహరణలో అయితే వంద సీట్లకి వెయ్యి గోరూటీన్లని వదిలి, ఇచ్చిన టికెట్లు సరిగ్గా వందేనా, మిగిలినవి సున్నాయేనా అని చూడాలి. ఈ పరీక్ష కూడా అదృష్టం మీద కొంత ఆధారపడుతుంది. ఆ చిన్న సందులోకి రెండో గోరూటీన్ ఈసారి దూరకపోవచ్చు. అందుకే దాన్ని పదేపదే నడపాలి. దానికంటే ముందు, స్ట్రక్ట్‌లో మ్యూటెక్స్ ఫీల్డ్ పైన ‘సీట్లు మిగిలి ఉంటేనే టికెట్, మిగిలిన సీట్లు ఎప్పుడూ సున్నా కంటే తగ్గకూడదు’ అని ఒక్క లైను కామెంట్ రాసి ఉంటే, లాక్‌ని రెండు ముక్కలుగా తీసుకున్న కోడ్ సమీక్షకి వచ్చినప్పుడు చదివేవాళ్లకి దేనితో పోల్చి చూడాలో తెలుస్తుంది.